అవనిగడ్డ మెషీను తీసేసే ముందు

ముప్ఫై ఎనిమిది దగ్గర అంకె ఆగింది. మూడూ ఆరుకి ముప్ఫై ఎనిమిది శాతం, మూడూ పదికీ ముప్ఫై ఎనిమిదే. ఆపరేటరు జీవరత్నం తెర మీంచి కళ్లు తియ్యలేదు, తీస్తే అంకె వెనక్కి పోతుందేమోనన్నట్టు. పక్క గదిలో నిచ్చెన ఈడుస్తున్నారు, బంతిపూల దండలు కడుతున్నారు, ఎవరో ఎవరికో ఇంకాస్త పైకి, ఇంకాస్త అని చెప్తున్నారు. నాలుగింటికి చైర్మన్ గారు వస్తారు. గోడకి బిగించిన పెద్ద తెరని స్విచ్చి నొక్కి ప్రారంభిస్తారు. ఆ తెర మీద ఐదు డబ్బాలు, మిషను వాళ్ల ఐదు ఆసుపత్రుల్లో రోగుల వివరాలు దాచే ఐదు కంప్యూటర్ మెషీన్లకీ ఐదు. విజయవాడ, గుడివాడ, కైకలూరు, చల్లపల్లి పచ్చగా ఉన్నాయి. అవనిగడ్డ ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చైర్మన్ గారి కంట పడకూడదని పొద్దుటినుంచీ మేనేజరు హేమసుందర్ గోల. అపశకునం అనలేదు, మిషను ఆసుపత్రిలో శకునాల మాట ఎత్తితే బాగుండదు కనక. బాడ్ ఇంప్రెషన్ అన్నాడు. కీబోర్డు మీద ఒక్క లైను కొడితే పోయేదానికి పొద్దుటినుంచీ ఏంటండీ ఇది అన్నాడు. ఒక్క లైనే. అది నిజమే. ఆ లైను కొడితే అవనిగడ్డ మెషీను జట్టులోంచి పోతుంది, తెర మీద డబ్బా పోతుంది, నాలుగు పచ్చ డబ్బాలు మిగుల్తాయి, చైర్మన్ గారు చప్పట్లు కొడతారు. కొట్టాక మాత్రం మిగతా నాలుగు మెషీన్లూ దాని పేరే మర్చిపోతాయి. అది మళ్లీ వచ్చి పలకరించినా పలకవు, అది ఏదిచ్చినా పుచ్చుకోవు. అందుకే తీసే ముందు దాని దగ్గరున్నదంతా మిగతావాటికి అప్పగించనివ్వాలి. ఆ అప్పగింత ఎంతయిందో చెప్పేదే తెర మీది అంకె. పద్ధతి అది. పుస్తకంలో రాసుంది, ట్రైనింగులో చెప్పారు, హేమసుందర్‌కీ తెలుసు. తెలిసినవాడి మీద వచ్చేంత కోపం తెలియనివాడి మీద రాదు.

ముప్ఫై తొమ్మిది.

అవనిగడ్డ ఆసుపత్రిని మార్చి ముప్ఫై ఒకటిన మూసేశారు. అక్కడికి పోయి ఉండే డాక్టరు దొరకడంలేదన్నారు. మూసే ముందు చెయ్యాల్సిన పనుల జాబితా హేమసుందరే తయారుచేశాడు, అందులో మొదటిది ఫోను లైను సరెండరు చెయ్యడం, పదకొండోది మెషీను సంగతి చూడటం. ఫోను వాళ్లు చురుగ్గా వచ్చి వైరు కోసుకుపోయారు. పదకొండోది ఎవరూ చూడలేదు. అదే రోజున రిటైరైన నర్సు అమలమ్మ గారు ఇంటికి పోలేదు. పోతే ఎలా, బుధవారం ఎదురుమొండి నుంచి పడవెక్కి క్షయ రోగులొస్తారు కదా. వాళ్లకి ఆసుపత్రి మూసేసినట్టు ఎవరు చెప్పారు? తలుపుకి తాళం వేసుంటే వరండాలో బల్ల వేసుకుంది, స్టోరులో మిగిలిన మందులు లెక్కపెట్టుకుంది, ఏప్రిల్, మే, జూన్ మూడో వారం దాకా వచ్చినవాళ్లందరికీ సూదులేసింది, మాత్రలు తన కళ్లముందే మింగించింది, సాయంత్రం వాచ్‌మన్ చేత తలుపు తీయించి లోపలికెళ్లి ఇరవయ్యేళ్లుగా ప్రతిదీ రాసిపెట్టే అలవాటు కొద్దీ అన్నీ మెషీన్లో ఎక్కించింది. లైను లేదు. ఎక్కించినవి ఎక్కడికీ పోలేదు. ఆమెకి ఆ సంగతి తెలియదు. మొన్న ఫోన్ చేసి, "ఒరే జీవరత్నం, మందులైపోయినయ్యి, వీళ్లని చల్లపల్లి పంపిస్తున్నా, వాళ్లవన్నీ అక్కడ కనపడతయ్యిగా?" అంటే జీవరత్నం చల్లపల్లి మెషీన్లో వెతికాడు. ఒక్కటీ లేదు. మార్చి ముప్ఫై ఒకటి దగ్గర అందరి కార్డులూ ఆగి ఉన్నాయి. ఎంతమంది అన్నాడు. "నలభై ఏడుగురు" అంది, కాగితం చూసుకోకుండా.

నలభై ఏడుగురు చల్లపల్లి వెళ్తారు. అక్కడ డాక్టరు తెర చూస్తాడు, మూడు నెలలుగా మందు మానేసినట్టుంటుంది. మానేసినవాళ్లకి ఏం రాస్తారో జీవరత్నానికి తెలుసు. మొదటినుంచీ రాస్తారు. ఇరవై నాలుగు సూదుల్లో ఇరవై రెండు పూర్తయినవాడికీ మళ్లీ ఒకటి, మళ్లీ రెండు. ఆ మందు కొంతమందికి చెవుల్లోకి దిగుతుంది. ముందు గంట మోగినట్టుంటుందట, తర్వాత గంట కూడా ఉండదు. నాగాయలంక గంగరాజు ఉన్నాడు అందులో, ఏటిమొగలో చేపల వేట. మంచు పట్టిన తెల్లవారుజామున ఎదురొచ్చే మరపడవని చెవితోనే కనిపెట్టాలి. వాడికి సూదులు ఎన్నయ్యాయో ఈ బల్ల కింద, దుప్పటి విప్పిన మూటలో, కొళాయి పక్కన కూచున్న ముసలమ్మలాగా గురగురమంటున్న ఈ పెట్టెలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా రాసి లేదు.

అమలమ్మ గారు గోడ పక్కన స్టూలు మీద కూచుని చెప్పులు విప్పి మోకాలు ఒత్తుకుంటోంది. ఆ మెషీనుని దుప్పట్లో కట్టుకుని పొద్దున్నే అవనిగడ్డలో బస్సెక్కింది. చల్లపల్లి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు, ఇక్కడ విజయవాడ దాకా ఒళ్లోనే పెట్టుకుంది, కింద పెడితే అదురుతుందని. ఉయ్యూరులో కండక్టరు లగేజీ టిక్కెట్టు తీసుకోమన్నాడట. ఏముందమ్మా మూటలో అంటే నలభై ఏడుగురు మనుషులున్నారు నాయనా, అందరికీ కొడతావా అందట. "వాడు దణ్ణం పెట్టి పోయాడ్రా. పిచ్చిదాన్ననుకున్నాడు," అని నవ్వింది వచ్చిన వెంటనే. జీవరత్నం నవ్వలేదు. యాభై ఎనిమిదేళ్లు నిండితే ఇంటికి పొమ్మన్న మనిషి, పింఛను కాగితం ఇంకా చేతికి రాని మనిషి, వాపెక్కిన మోకాళ్ల మీద పద్దెనిమిది కేజీలు మోసుకొస్తే, దారిలో ఎదురైన హేమసుందర్ ఏమన్నాడు? ఆ చెత్త ఇక్కడికెందుకు తెచ్చారండీ అన్నాడు.

నలభై నాలుగు. మూడూ పంతొమ్మిది.

తలుపు తోసుకుని వచ్చాడు హేమసుందర్. కొత్త చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో అతిథుల పేర్ల కాగితం. తెర వంక చూశాడు, అమలమ్మ గారి పాదాల వంక చూశాడు.

"ఇంకా నలభై నాలుగేంటండీ జీవరత్నం గారూ?"

"పాత డిస్కండి. ఆగి ఆగి చదువుతోంది."

"మూడు నెలల్నుంచి లైన్లో లేదు అది. అందులో కొత్తగా ఏముంటుంది చెప్పండి. ఉన్నవన్నీ పక్క మెషీన్లలో కాపీలున్నాయిగా. ఫోర్సు పెట్టి తీసెయ్యండి."

"మార్చి దాకా ఉన్నాయండి. తర్వాతవి లేవు."

"తర్వాత అక్కడ ఆసుపత్రే లేదుగా!"

"నేనున్నానయ్యా," అంది అమలమ్మ గారు మోకాలు ఒత్తుకుంటూనే.

హేమసుందర్ చేతిలో కాగితం మడిచాడు. మూడూ నలభై ఐదుకల్లా అవ్వాలండీ అని జీవరత్నానికి చెప్పి వెళ్లాడు. తనే కొట్టుకోవచ్చు కదా. కొట్టలేడు. ఆర్నెల్ల క్రితం కైకలూరులో ఒక పొరపాటు జరిగి, ఎవరు కొట్టారని పెద్దలడిగితే, ఆ సాయంత్రమే సర్క్యులర్ తీశాడు: మెషీన్లు చేర్చడం, తియ్యడం ఆపరేటరు పాస్‌వర్డుతోనే జరగాలి, రిజిస్టరులో ఆపరేటరే సంతకం పెట్టాలి. సంతకం ఎవరిదో తప్పు వాళ్లది. ఆ రోజు జీవరత్నానికి ఒళ్లు మండింది. ఇవాళ ఆ కాగితమే తలుపుకి అడ్డం పడింది. నాలుగు మాటలు అనాల్సింది హేమసుందర్‌ని. అనలేదు. జీవరత్నం కోపం నోట్లోకి రాదు, దవడలోనే ఉంటుంది. ఇంట్లో భార్య సంపూర్ణమ్మకి ఆ దవడ చూస్తే చాలు. పద్నాలుగేళ్లుగా ఆమె మనుషుల మొహాలే వింటోంది. నోరు కదలడం చూసి మాట పట్టుకుంటుంది, దవడ చూసి మాట్లాడని మాట పట్టుకుంటుంది, ఇవాళ ఆఫీసులో ఎవరితో అంటుంది, గొంతు తనకి వినపడదు కనక వీధంతా వినపడేలా అంటుంది.

ఆ దవడ తొంభై నాలుగులో బిగుసుకుంది. మార్చి నెల, అవనిగడ్డలో కొత్త బ్లాకు ప్రారంభం, రేపనగా ఇవాళ. ప్రారంభాలు. ఈ మిషను వాళ్లకి ప్రారంభమంటే ఎందుకంత ఆత్రమో, రిబ్బను కోసం ఏదైనా చేస్తారు. జీవరత్నం అప్పుడు కార్డుల గది గుమాస్తా. అప్పటి సూపరింటెండెంటు వెంకటకృష్ణారావు గారు గుమ్మంలో నిలబడి, ఈ పాత కట్టలన్నీ కొత్త గదికి మొయ్యక్కర్లేదయ్యా, మూడు నెలలుగా స్టాంపు పడనివి తీసి తగలెట్టు, మందు మానేసినవాళ్లు, పోయినవాళ్లు, అవే కదా అన్నారు. మందు తీసుకున్న ప్రతిసారీ కార్డు మీద నీలం స్టాంపు పడేది. స్టాంపున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. మధ్యాహ్నమంతా వేరు చేశాడు. పేర్లు చూడలేదు. పేర్లు చూస్తే సాయంత్రానికి తెమలదు. స్టాంపే చూశాడు. లేనివి పదకొండు కట్టలయ్యాయి, పెరట్లో వేప చెట్టు అవతల కిరసనాయిలు పోసి అంటించాడు, బూడిద కొత్త బ్లాకు మీదికి ఎగురుతుందని పైన రెండు బక్కెట్ల నీళ్లు కూడా పోశాడు. సంపూర్ణమ్మ కార్డు అందులో ఉంది. ఆమె మందు మానలేదు. ఒక్క రోజు మానలేదు. కానీ స్టాఫు పెళ్లాం క్యూలో నిలబడటమేంటి? మాత్రలు తనే ఇంటికి తీసుకెళ్లేవాడు, సూది వెయ్యడానికి అమలమ్మ గారు డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, వేసి, టీ తాగి వెళ్లేది. యాభై రెండు సూదులు. కార్డు సొరుగులో పడుకుని ఉంది, స్టాంపు లేకుండా. మన మనిషి అన్న మర్యాద. ఊళ్లోవాళ్లందరికీ పడిన స్టాంపు మన మనిషికి పడలేదు.

కొత్త బ్లాకుకి కొత్త డాక్టరొచ్చాడు. దగ్గు తగ్గలేదంటే కార్డేదీ అన్నాడు. అమలమ్మ గారు ముందుకొచ్చి, నేనే వేశానండీ, యాభై రెండయినయ్యి, ఇంకా ఎనిమిదే అంది. మీరు కార్డు కాదు కదమ్మా అన్నాడు డాక్టరు. తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. మీ నోటిమాట మీద మందు రాయమంటారా అన్నాడు. ఒకటి నుంచి అరవై రాశాడు. గుమాస్తా జీవరత్నం అక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. కార్డు ఏమయిందో తెలిసినవాడు ఆ గదిలో అతనొక్కడే. సూపరింటెండెంటు గారి మాట డాక్టరు గారి ముందు ఎత్తడమెలాగా అనుకున్నాడు. రేపు చెబుదామనుకున్నాడు. రెండోసారి మొదలెట్టిన వాటిలో ముప్ఫై ఎనిమిదో సూదికి చెవిలో గంట అంది సంపూర్ణమ్మ. నలభై ఐదోదానికి, వాన ఆగిపోయిందా అంది. బయట వాన రేకుల మీద దంచుతోంది.

చెప్పాడు ఆమెకి. చెప్పలేదని ఎవరూ అనలేరు. తొంభై ఆరులో ఒక సాయంత్రం, కుళాయి దగ్గర కంచం కడుగుతూ, నీ కార్డు నేనే తగలెట్టాను అన్నాడు. వీపు తిప్పి చెప్పాడు.

అరవై ఒకటి. మూడూ ముప్ఫై నాలుగు. అంకె ఇప్పుడు పరిగెడుతోంది, అరవై మూడు, అరవై ఆరు, డిస్కులో నలిగిన చోటు దాటినట్టుంది. పరిగెడితే భయం వేసింది. ఏదైనా వదిలేసి పరిగెడుతోందా? ఏసీ చప్పుడు, పక్క గదిలో కుర్చీలు సర్దుతున్న చప్పుడు, సమోసాల పొట్లాల వాసన. ఇరవై పొట్లాలు అటూ ఇటూ అయితే వెతుకుతారు వీళ్లు. పొద్దున హేమసుందర్ పూలవాణ్ణి తిట్టాడు, ఐదు దండలన్నాం నాలుగే తెచ్చావేంట్రా అని. దండలు లెక్కపెట్టాడు. మనుషుల్ని లెక్కపెట్టమంటే వాడికి శాతం కావాలి. పోనీ వాడొక్కడా? వెంకటకృష్ణారావు గారికి స్టాంపు కావాలి, డాక్టరుకి కార్డు కావాలి, వీడికి పచ్చ డబ్బా కావాలి. మరి నీకేం కావాలి జీవరత్నం, నీకు ఆ రోజు పెరట్లో ఏం కావాలి? ఐదున్నర బస్సు కావాలి. అవును. ఐదున్నర బస్సు పోతే ఏడింటిదాకా లేదు. అందుకే పేర్లు చూడలేదు. సూపరింటెండెంటు గారు పేర్లు చూడొద్దనలేదే. ఆ మాట ఆయన అనలేదు.

ఎనభై రెండు. తొంభై.

మూడూ నలభై ఏడుకి వంద అయింది. తెర అడిగింది: అవనిగడ్డ మెషీనుని శాశ్వతంగా తొలగించాలా, ఈ పనిని వెనక్కి తిప్పలేరు, వై లేదా ఎన్. అంకె కోసమే గుమ్మం దగ్గర కాచుక్కూచున్నట్టు హేమసుందర్ లోపలికొచ్చాడు.

"అయిపోయిందిగా. కొట్టండి, కొట్టండి. కారు బెంజి సర్కిలు దాటిందట."

జీవరత్నం వేలు మీట మీద లేదు. పక్క తెర మీద చల్లపల్లి మెషీను తెరిచాడు.

"సిస్టరుగారూ, పేర్లు చెప్పండి."

"ఏ పేర్లండీ?" అన్నాడు హేమసుందర్.

"నలభై ఏడు. చల్లపల్లిలో కనపడుతున్నాయో లేదో చూడాలి."

"వంద శాతం అని చూపిస్తోందిగా! వంద శాతమంటే వంద శాతమే కదండీ!"

"కావొచ్చండి. పేర్లు చూస్తా."

అమలమ్మ గారు స్టూలు ముందుకి జరుపుకుంది. కళ్లు మూసుకుంది. వరండాలో బల్ల ముందు నిలబడినవాళ్లని ఒక్కొక్కర్నీ పిలుస్తున్నట్టు మొదలెట్టింది. "తెరేసమ్మ. నాగాయలంక. పదిహేడు." జీవరత్నం కొట్టాడు. తెరేసమ్మ, పదిహేడో సూది, జూన్ పద్దెనిమిది. "ఉంది." "గంగరాజు. ఇరవై రెండు." "ఉంది." "నాంచారమ్మ, ఎదురుమొండి. తొమ్మిది. మధ్యలో ఒక బుధవారం రాలేదు, అల రేగి పడవ కట్టలా, గురువారం వేశా." "ఉంది. గురువారమే ఉంది." హేమసుందర్ వాచీ చూశాడు, బయటికెళ్లాడు, లోపలికొచ్చాడు. పన్నెండో పేరు దగ్గర, మీ మీద రిపోర్టు రాస్తానండీ అన్నాడు. రాయండి అన్నాడు జీవరత్నం. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో అతనికే విడ్డూరం. పద్నాలుగేళ్లు దవడలో పెట్టుకున్నది ఒక్క మాటకి సరిపోయింది, రాయండి. పంతొమ్మిదో పేరు. ఇరవై. హేమసుందర్ చెయ్యి చాపి మీట మీదికి రాబోతే, జీవరత్నం ఆ చేతిని పట్టుకుని పక్కన పెట్టాడు, బల్ల మీది కాగితాన్ని పక్కన పెట్టినట్టు. "సంతకం నాదండి. మీ సర్క్యులరే."

కిందనుంచి కారు తలుపుల చప్పుడు, మెట్ల మీద చాలామంది అడుగులు, మధ్యలో ఒక చేతికర్ర చప్పుడు. హేమసుందర్ పరిగెత్తాడు. ముప్ఫై ఒకటో పేరు చెప్తుండగా చైర్మన్ గారు గుమ్మంలో కనపడ్డారు, మెడలో దండ, వెనక ఆరేడుగురు. ఆయనొస్తే ఆసుపత్రిలో నిలబడనివాళ్లుండరు. జీవరత్నం లేవలేదు. లేస్తే వరస తప్పుతుంది. అమలమ్మ గారు కళ్లు తెరవలేదు.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నారు చైర్మన్ గారు.

"చిన్న టెక్నికల్ పనండీ, అయిపోయింది, అటు రండి సార్," అన్నాడు హేమసుందర్.

"అవలేదండి," అన్నాడు జీవరత్నం, తెర వంకే చూస్తూ. "ఇంకా పదహారుమంది ఉన్నారు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. చేతికర్ర నేల మీద ఒకసారి చప్పుడు చేసి ఆగింది. ఆయన వెళ్లారో, నిలబడ్డారో జీవరత్నం చూడలేదు. ముప్ఫై రెండు, ఉంది. ముప్ఫై మూడు, ఉంది. నలభై దగ్గర అమలమ్మ గారు ఒక్క క్షణం ఆగింది, పెదవులు కదిలించింది, ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు ముందు అని సర్దుకుంది. ఉంది. నలభై ఐదు. నలభై ఆరు. నలభై ఏడు.

"ఉంది," అన్నాడు జీవరత్నం. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడైంది. వేలు వై మీదికి వెళ్లింది. మనసులో ఉన్నది తృప్తి కాదు, ఇంకా కోపమే. పదమూడు నిమిషాలు. పదకొండు కట్టలకి పోనీ ఒక రాత్రి పట్టేది, అంతే కదా, ఒక్క బస్సు.

"ఆగరా," అంది అమలమ్మ గారు. కళ్లు తెరిచి, జాకెట్లోంచి మడత పెట్టిన మందుల చీటీ తీసింది. "ఇంకొకామె ఉంది. నిన్న పొద్దుపోయాక వచ్చింది, అడుగున మిగిలిన ఒక్క సూదీ వేశా, అప్పటికే మెషీను మూట కట్టేశా. దీన్లోనే ఎక్కించు, అవనిగడ్డ మనిషి."

"అమ్మా," అన్నాడు హేమసుందర్, గొంతు తగ్గించి, "ఆసుపత్రి మూసేశారమ్మా."

జీవరత్నం వేలు వెనక్కి తీసుకున్నాడు. పాత మెషీను ముందున్న కీబోర్డుని దగ్గరికి లాక్కున్నాడు.

"పేరు?"

"రావమ్మ."

"ఊరు?"

"కోడూరు."

"ఎన్నో సూది?"

"మొదటిది."